పర్సూ అంటే ఎప్పుడు

నాకు హిందీ బాగా వచ్చు. ఈ మాట ముప్పై ఏళ్ల పాటు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకున్నాను. కాకినాడలో చదువుకునే రోజుల్లో సాయంత్రం బడి అవగానే ఒక మాస్టారి వీధి అరుగు మీద కూర్చుని హిందీ పరీక్షలన్నీ వరసగా పాసయ్యాను. ఆజ్ అంటే ఈ రోజు. కల్ అంటే నిన్న, లేదా రేపు. పర్సోం అంటే మొన్న, లేదా ఎల్లుండి. మాస్టారు బెత్తం ఊపుతూ అడిగేవారు, నేను తడుముకోకుండా అప్పజెప్పేవాణ్ణి. ఆ తడుముకోకపోవడమే నా కొంప ముంచింది అని రాద్దామనుకున్నాను గానీ అది అబద్ధం. మునిగింది ఇంకొకరి కొంప. నాకు ప్రమోషన్ వచ్చింది.

విమానాల ఇంజినీరింగ్ చదివి, ప్రభుత్వ పరిశోధనశాలలో ఉద్యోగం సంపాదించి, ఒక ట్రంకు పెట్టెతో హైదరాబాద్ దిగాను. మా ఊళ్లో విమానాల ఇంజినీరంటే పైలట్ అనుకున్నారు. మా మేనత్త అయితే డాబా మీద బట్టలు ఆరేసినప్పుడల్లా నేనేమైనా అటుగా పోతానేమోనని ఆకాశం వైపు చూసేదట. నిజానికి ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను చేసినవన్నీ చిన్న చిన్న వస్తువులు. పైలట్ అక్కర్లేని బుల్లి విమానాలకి రెక్కలు, తోకలు కదిలేచోట ఉండే బందులు, పిన్నులు. విమానం చూస్తే జనానికి రెక్క కనిపిస్తుంది. నాకు ఆ రెక్కని పట్టుకుని ఉన్న చిటికెనవేలంత పిన్ను కనిపిస్తుంది.

మా కోస్తా వాళ్లంతా దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం వైపు సర్దుకుంటే నేను లాడ్ బజార్ వెనక గల్లీలో ఒక మేడ మీద వాటా అద్దెకి తీసుకున్నాను. కింద ఇంటివాళ్లు. తాతల నాటి నుంచీ గాజుల వ్యాపారం. ఆఫీసుకి ఒకే బస్సు. ఏడాది ఉందామని దిగి ఇరవై ఏళ్లు ఉన్నాను. వాళ్లకి నేను ‘ఆంధ్రా సార్’ని. వాళ్లు ‘ఏంది’ అంటే ‘ఏమిటి’ అని దిద్దేవాణ్ణి, ‘గిట్ల’ అంటే ‘ఇలా’ అనేవాణ్ణి. ఇంటావిడ నవ్వి ఊరుకునేది. ఒకసారి మాత్రం, "మీరు అచ్చిన కాడికెల్లి దిద్దుతనే ఉన్నరు సార్, మేమేమన్న పరీచ్చ రాస్తున్నమా" అంది. మా ఆవిడ పక్క గదిలో పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు మాత్రం కోపం వచ్చింది. వలస వచ్చినవాడు వంగి ఉండాలని ఎవరూ అనలేదు గానీ, నేను మరీ విరుచుకుని తిరిగాను.

అందరూ ఉస్తాద్ అని పిలిచే లేత్ పనివాడు నాకు పరిచయమైంది ఆ వాటా నుంచి ఆఫీసుకి తిరుగుతున్న రోజుల్లోనే. మా ఆఫీసు చిన్న పనులు బయటి వర్క్‌షాపులకి ఇచ్చేది. ఆ వర్క్‌షాపుల పట్టీలో ఆయన దుకాణం ఉంది. దబీర్‌పురాలో, స్టేషన్ పక్కనే, ఒకే గది, ఒకే లేత్ మిషన్. నా కంటే పదిహేనేళ్లు పెద్ద. మొదటిరోజు డ్రాయింగ్ పట్టుకెళ్లి నా హిందీలో మొదలుపెట్టాను. ఆయన కాసేపు విని, "సార్, తెలుగులనే చెప్పుండ్రి, నాకొస్తది" అన్నాడు. నేను మానలేదు. పాసైన పరీక్షలన్నీ ఎక్కడ వాడను మరి? ఆయన చిన్నగా నవ్వి, ఇంటికొచ్చినవాళ్లకి నచ్చిన కూర వండినట్టు, ఆ రోజు నుంచి నాతో ఉర్దూలోనే మాట్లాడాడు.

ఆ గది పక్క నుంచే రైళ్లు పోయేవి. రైలు వస్తే నేల అదురుతుంది, మిషన్ అదురుతుంది, తిరుగుతున్న ఇనుము మీద గీత పడుతుంది. అందుకని ఆయన రైలు రాకముందే పనిముట్టుని వెనక్కి లాగి, చెయ్యి ఎత్తి, "గాడీ జానే దో సాబ్" అనేవాడు. బండి పోనివ్వండి అని. నాకు ఏ చప్పుడూ వినపడేది కాదు. అర నిమిషానికి రైలు వచ్చేది. వాచీ పెట్టుకునేవాడు కాదు. ఏ బండి ఎన్ని నిమిషాలు లేటో ఆయన అరికాళ్లకి తెలుసు. గోడ మీది కేలండరు మాత్రం రెండేళ్ల కిందటిది, గులాబీల బొమ్మ బాగుందని ఉంచాడు. నిమిషం పోల్చుకోగలడు గానీ తేదీ అడిగితే నవ్వేవాడు. ఇది నేను కళ్లారా చూశాను. చూసి కూడా బుద్ధి తెచ్చుకోలేదు.

పదిహేనేళ్ల కిందట ఒక కొత్త విమానం తోకకి పన్నెండు పిన్నులు కావలసి వచ్చాయి. డ్రాయింగ్ నాదే. పిన్ను ఒక చోట లావుగా ఉండి, అక్కణ్ణుంచి ఠక్కున సన్నబడుతుంది. ఆ మలుపు దగ్గర వేలు పెట్టి ఆయన అడిగాడు, "యే కోనా జర గోల్ కరూఁ సాబ్?" ఈ మూలని కొంచెం గుండ్రం చెయ్యనా అని. "డ్రాయింగ్‌లో ఎలా ఉందో అలా చెయ్యండి" అన్నాను, అదీ హిందీలోనే. ఆయన ఇంకోసారి అడగలేదు. పన్నెండూ అద్దంలా చేసి ఇచ్చాడు. కొలిస్తే వెంట్రుక తేడా లేదు.

ఆ పిన్నులు మాకు అందిన ఇరవయ్యో రోజున, ఆఫీసులో తోకని ఊపే పరీక్ష పెట్టాం. మూడో గంటలో పిన్ను విరిగి తోక ఊడి కింద పడింది. శుక్రవారం పెద్దవాళ్ల మీటింగు. అన్నిటికంటే ముందు చూడవలసింది నా డ్రాయింగు. మనిషికి తన తప్పు కనిపించకపోతే బాగుండుననిపించడం సహజం. నాకు కనిపించనే లేదు, ఇంకా సుఖం. ఇనుము తేడా అయ్యుంటుంది అనుకుని నోట్‌బుక్ చంకన పెట్టుకుని దబీర్‌పురా బయల్దేరాను.

ఆ పిన్నులకి వాడాల్సిన రాడ్డు మా ఆర్డరు మీద వ్యాపారి నేరుగా ఉస్తాద్ దుకాణానికే పంపాడు. వ్యాపారి ఇచ్చిన చలానా గోడ మేకుకి గుచ్చి ఉంది. తేదీ ఉన్న చోట నూనె మరక. అందుకని ఆయన్నే అడిగాను, "యే రాడ్ ఆప్‌కే పాస్ కబ్ ఆయా?" ఎప్పుడొచ్చింది ఇది మీ దగ్గరికి?

"పర్సూ ఆయా సాబ్."

ఇక్కడ పర్సోంని పర్సూ అంటారని నాకు తెలుసు. తడుముకోకుండా రాసుకున్నాను, రాడ్డు రెండు రోజుల కిందట వచ్చింది అని. పిన్నులు మాకు అంది ఇరవై రోజులు. అంటే మా రాడ్డు రాకముందే పిన్నులు తయారయ్యాయి, అంటే ఇంకేదో ఇనుముతో చేశాడు. లెక్క ఎంత శుభ్రంగా కుదిరిందో! వ్యాపారికి ఒక్క ఫోను కొట్టి ఉంటే తేలిపోయేది. కొట్టలేదు. నాకు హిందీ వచ్చు కదా.

రాసింది ఇంగ్లీషులో. సంతకం పెట్టమన్నాను. ఏముందని ఆయన అడగలేదు, కుడి నుంచి ఎడమకి తన పేరు రాసి, "క్యా హువా సాబ్?" అని మాత్రం అడిగాడు. పిన్ను విరిగిందని చెప్పాను. ఆయన చేతిలో ఉన్న గుడ్డతో అప్పటికే శుభ్రంగా ఉన్న వేళ్లని తుడుచుకుంటూ నిలబడ్డాడు. తర్వాత నాతో తెలుగులో మాట్లాడాడు, ఆ మొదటిరోజు తర్వాత మళ్లీ ఇప్పుడే.

"ఆ ముక్క ఒక్కసారి సూపియ్యుండ్రి సార్. ఏడ ఇరిగిందో సూస్త."

తెస్తానన్నాను. తేలేదు.

శుక్రవారం మీటింగులో నా కాగితం చాలింది. ఇనుము మార్చాడు అని తీర్మానం రాసి, పట్టీలో ఆయన దుకాణం పేరు కొట్టేశారు. ఆయనకి వెళ్లిన ఉత్తరంలో కారణం లేదు, ఇకపై మీ సేవలు అవసరం లేదు అన్న ఒక్క వాక్యం తప్ప. వారం తర్వాత మా ఆఫీసు గేటు దగ్గర నుంచి సెక్యూరిటీ వాళ్లు ఫోన్ చేశారు. దబీర్‌పురా నుంచి ఎవరో పెద్దాయన వచ్చాడు, ఏదో ముక్క చూసి పోతాడట అన్నారు. మీటింగులో ఉన్నానని చెప్పమన్నాను. నేను అప్పుడు టీ తాగుతున్నాను.

నెల తర్వాత విరిగిన ముక్క మీద ఇనుము పరీక్ష రిపోర్టు వచ్చింది. అది మా రాడ్డే. చుక్క తేడా లేదు. అప్పుడు మా పై అధికారి డ్రాయింగ్ తెప్పించుకుని ఆ పదునైన మూల మీద పెన్సిల్ పెట్టి, "పగులు మొదలైంది ఇక్కడే, దీన్ని గుండ్రం చెయ్యండి" అన్నారు. చేశాం. ఆ పిన్ను ఈ రోజుకీ విరగలేదు. డ్రాయింగ్ మెరుగుపరిచినందుకు నాకు మెచ్చుకోలు వచ్చింది, ఆ మరుసటి ఏడు ప్రమోషన్. ఉస్తాద్ గుర్తొస్తే, ఇనుము సరైనదే అయితే మరి తేదీ విషయంలో ఆయన అబద్ధం ఎందుకు చెప్పినట్టు అని చిరాకు పడేవాణ్ణి. అప్పుడు కూడా ఆయన మీదే.

ఇంకో ఏడాది గడిచింది. ఒక ఆదివారం మా ఆవిడ ఇంటివాళ్ల దుకాణంలో లక్క గాజులు ఏరుకుంటోంది, నేను స్టూలు మీద కూర్చున్నాను. ఇంటావిడ ఒక జత తీసి చూపించింది. "గిది పర్సూ అచ్చిన డిజైను. నా పెండ్లికి గివ్వే ఏసుకున్న." గల్లా దగ్గర కూర్చుని డిగ్రీ పుస్తకం చదువుకుంటున్నది ఆవిడ కూతురు. నేను ఊరుకోవచ్చుగా! "పర్సోం అంటే మొన్న అండీ" అని దిద్దాను.

ఆవిడ గాజులు కింద పెట్టింది. "మొన్ననే గద సార్ నేను చెప్పేది. ఏం, మీ దిక్కు మొన్న అనరా?"

అంటాం. ఎందుకు అనం. మా అమ్మ చనిపోయేదాకా ‘మొన్న కదరా నువ్వు పుట్టావు’ అనేది నన్ను. మొన్నామధ్య, మొన్న మొన్నటిదాకా, మొన్నెప్పుడో. ఈ భాషలో పుట్టి పెరిగినవాణ్ణి, మొన్న అంటే రెండు రోజులే అయ్యి తీరాలని ఎన్నడూ అనుకోలేదు. ఉస్తాద్ అన్న పర్సూ కూడా ఈ మొన్నే. ఆయన్ని తెలుగులో అడిగి ఉంటే మొన్న అని ఉండేవాడు. నేను ‘మొన్న అంటే ఎప్పుడండీ’ అని అడిగి ఉండేవాణ్ణి. ఆయన తెలుగులోనే చెప్పుండ్రి అన్నాడు కూడా. మా ఆవిడ గాజులు బాగున్నాయా అని చెయ్యి చాపితే బాగున్నాయన్నాను, ఏ రంగువో ఇప్పటికీ తెలీదు.

మర్నాడు పై అధికారికి చెప్పాను. ఆయన విని తలుపు మూశారు. "ఫైలు మూసేశాం. ఇప్పుడు తవ్వితే మొదట బయటికొచ్చేది మీ డ్రాయింగు, రెండోది మీ సంతకం" అన్నారు. నేను తలూపి బయటికొచ్చాను. ఎవరూ నా నోరు నొక్కలేదు, అది నేనే మూసుకున్నాను. ఆ ఏడే ఆఫీసు క్వార్టర్స్ దొరికితే పాతబస్తీ వదిలేశాం. ఆ తర్వాత చార్మినార్ వైపు వెళ్లాల్సి వస్తే దబీర్‌పురా తగలని దారి చూసుకునేవాణ్ణి. రాష్ట్రం రెండైంది, మా కాకినాడ వేరే రాష్ట్రమైంది, ఎవరైనా ‘మీది ఏ ఊరు సార్’ అంటే నోట్లో మాట ఒక్క క్షణం ఆగడం నేర్చుకుంది. పదమూడేళ్లు పోయాయి. రోజూ బాధపడ్డానని చెప్పను, అది కూడా అబద్ధమే. రైలు పోతున్న చప్పుడు వింటే మాత్రం పడేవాణ్ణి.

పోయినేడు రిటైరయ్యాను. శాలువా కప్పారు. నా చేతిలో ఒక్క పిన్ను కూడా విరగలేదని ఒకాయన ఉపన్యాసంలో అన్నాడు. ఇంటికొచ్చి ఆ శాలువా మడత విప్పలేదు.

ఉస్తాద్‌కి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. తెలుగులో. ‘మీ ఇనుము మంచిది. మీ పని మంచిది. మూల గుండ్రం చెయ్యనా అని మీరు అడిగింది నిజం, వద్దన్నది నేను. మీ మాట నాకు అర్థం కాక తప్పు రాశాను.’ ఇంతే ఉండాల్సింది. దీనికి నెలలు పట్టింది. కొట్టేసి, తిరగ రాసి, డీటీపీ చేయించి, అందులో అచ్చు తప్పులు దిద్దించి. అది సిద్ధమయ్యేసరికి శుక్రవారం. వాళ్లకి నమాజు రోజని ఆగాను. శని, ఆదివారాలు ఇంట్లో చుట్టాలు. సోమవారం వాన. మంగళవారం మంచి పనికి బయల్దేరకూడదంది మా ఆవిడ. బుధవారం బ్యాంకు పని. గురువారం ఆటో ఎక్కాను.

గల్లీ పెద్దగా మారలేదు. దుకాణం షట్టరు దించి ఉంది. దాని ముందు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి, ఎవరిదో ఫంక్షన్ అనుకున్నాను. పక్క తలుపులోంచి నలభై ఏళ్ల ఆవిడ బయటికొచ్చింది. తలమీద దుపట్టా, కళ్లజోడు. ఈసారి తెలుగులోనే అడిగాను, "ఉస్తాద్ గారు ఉన్నారా అమ్మా?"

"అబ్బా పర్సూ పోయిండు సార్."

అబ్బా అంటే నాన్న. పర్సూ అన్న మాట దగ్గర నేను ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి. ఇక తినను. నిబ్బరం తెచ్చుకుని, "ఎన్నేళ్లయిందమ్మా?" అన్నాను.

ఆవిడ నా వైపు వింతగా చూసింది. "ఏండ్లేంది సార్? పర్సూ. మంగళారం పొద్దుగాల. గియ్యాల జియారత్."

మూడో రోజు చేసే ప్రార్థన. కుర్చీలు అందుకు. సోమవారం వాన మరీ అంత పెద్దది కూడా కాదు.

ఎవరో కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టారు. నేను ఎక్కణ్ణుంచి వచ్చానో చెబుతుండగా నేల కొంచెం అదిరింది. నేను ఆగాను. ఆవిడా ఏమీ అనకుండా ఆగింది. రైలు పోయాక, "హిందీ మాట్లాడే సారు మీరేనా?" అంది. ఔనన్నాను. ఆవిడ ఉస్తాద్ కూతురు, బడిలో టీచరు.

"అబ్బా మీ గురించి మస్తు చెప్తుండె. ముక్క తెస్తా అన్నరంట గద. సారు ఒస్తడు, ఒస్తడు అంటుండె." లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులో గుడ్డలో చుట్టి ఒక పిన్ను. పన్నెండు అడిగితే పదమూడు చేసేవాడు ఎప్పుడూ, ఒకటి పాడైతే పనికొస్తుందని. "గిది దగ్గర పెట్టుకోని, కిటికీ కాడ కూసోని, అద్దంతోని సూస్తుండె. తప్పు ఏడున్నదో దొరుకుతలేదు బేటీ అనేటోడు. మస్తు రంధి పెట్టుకున్నడు. గాలిల ఎగిరేటివి ఇగ నాతోని గాదన్నడు. గేట్ల బందులు, కుట్టు మిషన్ల సామాను, గవ్వే చేసిండు."

పిన్ను నా అరచేతిలో పెట్టింది. మెరుస్తోంది. ఒక్క మచ్చ లేదు. పదిహేనేళ్లు నూనె రాసి తుడిచాడు. లావు నుంచి సన్నానికి తిరిగే చోట నా మూల నేను గీసినట్టే ఉంది, వేలు పెడితే కోసుకునేంత పదునుగా. ఆయన అద్దం పట్టుకుని వెతికిన తప్పు అదే. రోజూ ఆయన కళ్లెదుటే ఉంది. తనదేననుకుని వెతికాడు గనక నాది కనిపించలేదు. నాకు ఏడుపు ఆగలేదు. చావింట్లో ఏడుస్తున్న ముసలాణ్ణి ఎవరూ ఎందుకని అడగలేదు.

ఉత్తరం ఇచ్చాను. ఆవిడ నిలబడే చదివింది, నెమ్మదిగా, రెండుసార్లు.

"అయితె అబ్బా తప్పు లేదా సార్?"

"లేదమ్మా. అసలు లేదు."

ఆవిడ కళ్లజోడు తీసి దుపట్టాతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "మీకెప్పుడు తెలిసింది సార్ ఇది?"

లెక్క నాకు తెలుసు. ఆ లక్క గాజుల ఆదివారానికి పదమూడేళ్లు దాటింది. నోరు తెరిచాను.

"మొన్న" అన్నాను.

"మొన్ననా" అంది ఆవిడ. "ఒక్క దినం ముందుగాల తెలిసుంటె అబ్బా ఇనేటోడు సార్. మీరేం జేస్తరు."

నేను దిద్దలేదు.